రోయింగ్ క్లబ్బు వల్ల ఊరికి ఒరిగేదేమిటి? థేమ్స్ ఒడ్డు నుంచి కోనసీమ కుర్రాళ్లకు జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "ఆత్రేయపురంలో సంక్రాంతికి జరిగిన డ్రాగన్ పడవల పోటీలు చూశాక మా ఊళ్లో కొందరం కలిసి రోయింగ్ క్లబ్బు పెడదామనుకుంటున్నాం. పెద్దవాళ్లేమో అవన్నీ దొరల కాలం నాటి వ్యవహారాలు, ఓ బంగళా, ఓ బారు, గోడ మీద ఫోటోలు, అంతకుమించి ఊరికి ఒరిగేదేం లేదంటున్నారు. అసలీ అమెచ్యూర్ రోయింగ్ క్లబ్బులు, అంటే డబ్బుకి కాక సరదాకి తెడ్డేసేవాళ్ల క్లబ్బులు, ఎలా పుట్టాయి? వాటివల్ల చుట్టుపక్కల జనానికి నిజంగా ఉపయోగం ఉందా?"

నాదీ గోదావరి జిల్లాయే. ఉద్యోగం కోసం లండన్ వచ్చి, హామర్‌స్మిత్ దగ్గర థేమ్స్ మీద చాలా ఏళ్లుగా తెడ్డు వేస్తున్నాను. ఇప్పుడు వారాంతాల్లో కొత్తగా చేరినవాళ్లకు నేర్పుతుంటాను. మీ పెద్దవాళ్లు అన్నది ఉత్తి మాట కాదు. ఈ క్లబ్బుల చరిత్రలో సగం, ఎవర్ని లోపలికి రానివ్వకూడదు అన్న తగాదానే. మిగతా సగం, బయట నిలబెట్టినవాళ్లు తమ రేవు తామే కట్టుకున్న కథ. ఊళ్లకు మేలు జరిగింది ఆ రెండో సగం వల్ల. మీరు దేన్ని పట్టుకుంటారన్న దాన్నిబట్టే మీ క్లబ్బు ఊరికి పనికొస్తుందో లేదో తేలుతుంది. అంచేత కాస్త వెనక్కి వెళ్లి మొదలుపెడతాను.

లండన్ నడిబొడ్డున 1750 దాకా ఉన్న వంతెన ఒక్కటే. నది దాటాలన్నా, నది వెంట పైకో కిందకో పోవాలన్నా పడవ ఎక్కాల్సిందే. లైసెన్సు ఉన్న పడవవాళ్లు వేలమంది అక్కడ తెడ్డు మీదే బతికారు. వాళ్ల కోసం 1715లో థామస్ డాగెట్ అనే నాటక నటుడు ఓ పందెం పెట్టాడు. కొత్తగా శిక్షణ ముగించిన పడవ కుర్రాళ్లు లండన్ బ్రిడ్జి నుంచి చెల్సీ దాకా తెడ్డేయాలి. గెలిచినవాడికి ఎర్ర కోటు, దాని చేతి మీద పెద్ద వెండి బిళ్ల. ఆ పందెం నేటికీ జరుగుతోంది. అంటే ఇంగ్లండులో రోయింగ్ పోటీకి పునాది వేసింది దొరలు కాదు, రేవులో కూలికి పడవ నడిపేవాళ్లు. ఇది మీ పెద్దవాళ్లకు ముందుగా చెప్పాల్సిన సంగతి.

క్లబ్బులు ఆ తర్వాత వచ్చాయి. లియాండర్ క్లబ్ 1818 నాటిది. హెన్లీ ఊళ్లో పోటీలు 1839లో మొదలై, 1851లో రాణిగారి భర్త పోషకుడు కావడంతో 'రాయల్' అయ్యాయి. లండన్ రోయింగ్ క్లబ్ 1856లో, థేమ్స్ రోయింగ్ క్లబ్ 1860లో పుట్టాయి. వీటిల్లో చేరినవాళ్లు చదువుకున్న కుర్రాళ్లు, లాయర్లు, వ్యాపారస్తులు. అదే కాలంలో ఇంకోపక్క డబ్బు పందేలు జోరుగా నడిచేవి. టైన్ నది ఒడ్డున న్యూకాసిల్ ప్రాంతంలో గని కార్మికులు, పడవ కూలీలు పందేల వీరులు. అక్కడి హ్యారీ క్లాస్పర్ చిన్నప్పుడు బొగ్గు గనిలో పనిచేసినవాడు, తర్వాత పడవలు కట్టే మేస్త్రీ అయ్యాడు. 1870లో ఆయన చనిపోతే అంత్యక్రియలకు లక్షకు పైగా జనం వచ్చారని చెబుతారు. పడవ అంచు దాటి బయటికి ఇనుప చట్రం పెట్టి, దాని కొసన తెడ్డు ఆనించే పద్ధతిని మెరుగుపరిచి వాడుకలోకి తెచ్చినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఆ చట్రం వల్లే పడవ వెడల్పు తగ్గి సన్నగా, వేగంగా తయారైంది. ఇవాళ ఒలింపిక్స్‌లో చూసే ప్రతి రోయింగ్ పడవకీ రిగ్గర్ అనే ఆ చట్రం ఉంటుంది.

అలాంటి మనిషిని అమెచ్యూర్ క్లబ్బులు తమ పోటీల్లోకి రానిస్తాయా? రానివ్వలేదు. పందేల్లో డబ్బు, బెట్టింగు, కుమ్మక్కులు ఉండేమాట నిజమే. దాన్ని దూరం పెట్టడం వరకూ న్యాయమే. కానీ అక్కడితో ఆగలేదు. 1879లో హెన్లీ నిర్వాహకులు అమెచ్యూర్ అంటే ఎవరో రాతపూర్వకంగా తేల్చారు. 1882లో అమెచ్యూర్ రోయింగ్ అసోసియేషన్ ఏర్పడి అదే దారి పట్టింది. డబ్బు కోసం పందెం వేసినవాడు పనికిరాడు, సరే. పడవల మీద జీతం తీసుకున్నవాడూ పనికిరాడు. ఆపైన, కూలికి చేతిపని చేసే మెకానిక్కు, వృత్తి పనివాడు, కూలివాడు ఎవరూ పనికిరారు. జీవితంలో ఒక్క పందెం వెయ్యకపోయినా, ఒక్క పైసా పుచ్చుకోకపోయినా సరే. వడ్రంగం చేసే కుర్రాడు ఆదివారం సరదాకి తెడ్డేస్తే అతను అమెచ్యూర్ కాడు. రోజంతా తీరిగ్గా సాధన చేసే జమీందారు కొడుకు అమెచ్యూరే. పైకి చెప్పిన కారణం, ఒళ్లు వంచి పనిచేసేవాడి కండబలం పోటీలో అన్యాయమైన లాభమని. లోపలి కారణం ఎవరైనా ఊహించగలరు.

ఈ నియమం ఎంత దూరం పోయిందో రెండు ఉదాహరణలు చాలు. ఫిలడెల్ఫియాకు చెందిన జాన్ కెల్లీ ఇటుకలు పేర్చిన తాపీ పనివాడు. 1920లో హెన్లీలో డైమండ్ స్కల్స్‌కి, అంటే ఒక్కడే రెండు తెడ్లతో నడిపే పడవల పోటీకి, పేరు పంపితే తిప్పికొట్టారు. ఆయన క్లబ్బు వెస్పర్ మీద పాత నిషేధం ఒకటుంది, దానికి తోడు చేతిపని. అదే ఏడాది ఒలింపిక్స్ సింగిల్ స్కల్స్ ఫైనల్లో ఆయన ఓడించింది ఎవర్నో తెలుసా? ఇంగ్లండ్ మేటి జాక్ బెరెస్‌ఫర్డ్‌ని, ఒక్క సెకను తేడాతో. కాసేపటికే మరొకరితో కలిసి డబుల్ స్కల్స్ కూడా గెలిచాడు. ఆయన కొడుకు 1947లో అదే హెన్లీలో అదే డైమండ్ స్కల్స్ గెలిచాడు. రెండోది 1936 నాటిది. బెర్లిన్ ఒలింపిక్స్‌కి వెళ్తున్న ఆస్ట్రేలియా ఎనిమిది మంది జట్టు సిడ్నీ పోలీసులు. పోలీసు ఉద్యోగం చేతిపని కింద లెక్కకట్టి హెన్లీ పెద్ద కప్పులోకి రానివ్వలేదు. అప్పుడు లేచిన దుమారానికి మరుసటేడు, 1937లో, ఆ చేతిపని నిబంధన ఎత్తేశారు. అర్ధ శతాబ్దం పైగా నడిచిన గోడ అలా కూలింది.

ఇక్కడి దాకా మీ పెద్దవాళ్లదే గెలుపు. ఇప్పుడు ఆ గోడ అవతలి కథ. నాకు ప్రాణమైనది ఇదే.

ఫ్రెడరిక్ జేమ్స్ ఫర్నివాల్ 1825లో పుట్టాడు. భాషా పండితుడు. తర్వాత ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుగా పేరుపడ్డ మహాకార్యాన్ని మొదలుపెట్టించినవాళ్లలో ఒకడు, దానికి తొలినాళ్ల సంపాదకుల్లో ఒకడు. పాత ఇంగ్లీషు కావ్యాల చేతిరాత ప్రతులు పోకుండా అచ్చు వేయించడానికి 1864లో సొసైటీ పెట్టాడు. ఇంత పండితుడికి ఒంటి పిచ్చి ఒకటే, తెడ్డు. కేంబ్రిడ్జిలో చదివే రోజుల్లోనే రిగ్గర్లున్న సన్నటి పడవ కట్టించుకున్నాడు. లండన్‌లో 1854లో మొదలైన వర్కింగ్ మెన్స్ కాలేజీలో పనివాళ్లకు పాఠాలు చెప్పేవాడు. సాయంత్రం వ్యాకరణం చెప్పిన కుర్రాళ్లనే ఆదివారం నది మీదికి తీసుకుపోయేవాడు. ఆ కుర్రాళ్లు పోటీలకు పనికిరారని సంఘం చెబితే ఊరుకుంటాడా? పత్రికల్లో, సభల్లో పోరాడాడు. 1890లో పాత సంఘానికి పోటీగా నేషనల్ అమెచ్యూర్ రోయింగ్ అసోసియేషన్ అని మరో సంఘమే ఏర్పడింది. దాని వెనక ఆయన చెయ్యి ఉంది. డబ్బు కోసం పందెం వెయ్యనివాడు ఏ వృత్తిలో ఉన్నా అమెచ్యూరే అన్నది దాని పట్టు. రెండు సంఘాలూ 1956లో గానీ ఒకటి కాలేదు.

అంతటితో ఆగితే ఆయన్ని నేను ఇంతగా తలుచుకోను. అప్పట్లో టీ దుకాణాల్లో వడ్డించే అమ్మాయిలకు వారమంతా చాకిరీ, ఒక్క ఆదివారం సెలవు, వెళ్లడానికి చోటు లేదు. ఆడవాళ్లు తెడ్డు పట్టడమే వింతగా చూసే రోజులు. ఫర్నివాల్ 1896లో హామర్‌స్మిత్ రేవులో ఆ పిల్లల కోసం బాలికల స్కల్లింగ్ క్లబ్ తెరిచాడు. పూర్తిగా ఆడవాళ్ల కోసం పెట్టిన రోయింగ్ క్లబ్బుల్లో ప్రపంచంలో అదే మొదటిదని చెబుతారు. 1901లో మగవాళ్లను చేర్చుకున్నారు, కానీ కెప్టెన్ పదవి మాత్రం రెండో ప్రపంచ యుద్ధం దాటేవరకూ ఆడవాళ్లకే ఉంచారు. ఆదివారం పొద్దున్నే హామర్‌స్మిత్‌లో బయల్దేరి రిచ్మండ్ వైపు పోవడం, దారిలో లంకలో దిగి ఫలహారం, సాయంత్రం పాటుతో వెనక్కి. ఎనభై దాటాక కూడా ఆయన ఆ పడవల్లో ఉండేవాడు. 1910లో పోయాడు. ఆ క్లబ్బు ఆయన పేరుతో అక్కడే ఉంది, ఇవాళ్టికీ పొద్దున్నే వాళ్ల పడవలు మా పక్కనుంచి పోతుంటాయి.

దీన్ని పెద్ద క్లబ్బుల పక్కన పెట్టి చూడండి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి ఆడపిల్లల పోటీ 1927లో మొదలైంది, మగవాళ్ల పోటీ జరిగే థేమ్స్ మార్గం మీదికి వచ్చింది 2015లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల రోయింగ్ 1976లో చేరింది. లియాండర్ తలుపులు ఆడవాళ్లకు 1990ల చివర్లో తెరిచారు. టీ దుకాణం అమ్మాయిల క్లబ్బు వీటన్నిటికంటే ముందు. ఫర్నివాల్ ఒక్కడే కూడా కాదు. రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో సాయంత్రం చదువుకునే గుమాస్తాలు, పనివాళ్ల కోసం క్వింటిన్ హాగ్ 1888లో చిజిక్‌లో పడవల ఇల్లు కట్టించాడు. అదీ ఇంకా నిలిచే ఉంది.

ఇక రెండో ప్రశ్న, చుట్టుపక్కల జనానికి ఏం ఉపయోగం? ఇక్కడ నా కళ్లతో చూసింది చెబుతాను.

రోయింగులో ఎనిమిది మంది కూర్చునే పడవని ఎయిట్ అంటాం. దాదాపు పదిహేడు, పద్దెనిమిది మీటర్ల పొడవు, బరువు వంద కిలోల లోపే. దాన్ని ఒక్కడు ఎత్తలేడు, నలుగురు ఎత్తినా ప్రమాదమే. ఒక్కొక్కరికి ఒక్కో తెడ్డు. తెడ్లు వేసేవాళ్లంతా వెనక్కి తిరిగి కూర్చుంటారు, ముందుకు చూసేది చుక్కాని పట్టిన కాక్స్ ఒక్కడే. డ్రాగన్ పడవలో ముందుకు చూస్తూ తెడ్డేస్తారు కదా, ఇది దానికి తలకిందులు. ఎనిమిదిమందిలో ఒకడు ఆదివారం నిద్ర లేవకపోతే మిగతా ఏడుగురికీ, కాక్స్‌కీ ఆ పూట పడవ లేనట్టే. ఈ ఒక్క ఏర్పాటు మనుషుల్ని ఎలా కట్టిపడేస్తుందో బయటివాళ్లకు చెప్పడం కష్టం. నేను కూర్చున్న పడవల్లో ప్లంబర్లున్నారు, నర్సులున్నారు, హైకోర్టులో వాదించేవాళ్లున్నారు, ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్నవాళ్లున్నారు. ఇంట్లో మనిషి పోయిన వారానికే రేవుకొచ్చి తెడ్డు పట్టినవాడిని చూశాను. ఎవరూ ఏమీ అడగలేదు, అతని సీటు ఖాళీగా ఉంచారు, అంతే. పెద్ద నగరంలో ఒంటరితనం ఎంత బరువో వలస వచ్చినవాళ్లకు తెలుసు. నన్ను ఈ దేశంలో నిలబెట్టింది ఆ పడవే.

రెండోది, క్లబ్బంతా జీతం లేని పని మీద నడుస్తుంది. కెప్టెన్, కోశాధికారి, భద్రత చూసే సలహాదారు, పడవలకు మరమ్మతులు చేసేవాళ్లు, పిల్లలకు నేర్పేవాళ్లు, పోటీల రోజున వంతెన మీద గంటలకొద్దీ నిలబడి టైము రాసేవాళ్లు, వీళ్లలో జీతం తీసుకునేవాళ్లు అరుదు. పదహారేళ్ల పిల్ల కాక్స్ సీట్లో కూర్చుని తన కంటే రెట్టింపు వయసున్న ఎనిమిదిమందికి ఆజ్ఞలు ఇస్తుంది, వాళ్లు వింటారు. ఆ పిల్లకి ఆ వయసులో అలాంటి బాధ్యత ఇచ్చే చోటు ఇంకోటి చూపించండి.

ప్రభుత్వం కూడా దీన్ని గుర్తించింది. బ్రిటన్‌లో 2002 నుంచి 'కమ్యూనిటీ అమెచ్యూర్ స్పోర్ట్స్ క్లబ్' అనే హోదా ఉంది. అది దొరికితే భవనం మీద స్థానిక పన్నులో 80 శాతం మినహాయింపు వస్తుంది. అందుకు షరతు, క్లబ్బు తలుపులు మొత్తం సమాజానికి తెరిచి ఉండాలి, రుసుము సామాన్యుడికి అందుబాటులో ఉండాలి. 1882 నాటి సంఘం ఎవర్ని బయట పెట్టిందో, వాళ్లని లోపలికి రానిస్తేనే ఇప్పుడు పన్ను రాయితీ. నూట ఇరవయ్యేళ్లలో ఎంత తిరగబడిందో చూడండి.

హామర్‌స్మిత్ వంతెనకు దిగువన ఫుల్హామ్ రీచ్ బోట్ క్లబ్ ఉంది, 2014లో తెరిచారు. అది ధర్మసంస్థగానే పుట్టింది. చుట్టుపక్కల ప్రభుత్వ బడుల పిల్లల్ని నది మీదికి తేవడం దాని పని. లండన్‌లో ఖరీదైన ప్రైవేటు బడులకు సొంత పడవల ఇళ్లుంటాయి, అదే నది పక్క ప్రభుత్వ బడిలో చదివే పిల్లకి ఆ నీళ్లు కిటికీలోంచి చూడ్డానికే. ఆ తేడాని చెరపడానికి వాళ్లు పనిచేస్తున్నారు. జైళ్లలోకి రోయింగ్ మెషీన్లతో వెళ్లి ఖైదీలకు నేర్పే కార్యక్రమం కూడా వాళ్లదే.

మూడోది నది. రోజూ నీళ్లలో ఉండేవాళ్లకే నది ఆరోగ్యం తెలుస్తుంది. 2024 వసంతంలో రివర్ యాక్షన్ అనే సంస్థ ఫుల్హామ్ రీచ్ క్లబ్బుతో కలిసి హామర్‌స్మిత్ వంతెన దగ్గర నీటి నమూనాలు పరీక్షించింది. ఫిబ్రవరి చివరి నుంచి మార్చి చివరి వరకు తీసిన నమూనాల్లో మురుగు కలిసిందని చెప్పే ఈ-కోలై బ్యాక్టీరియా సగటున వంద మిల్లీలీటర్లకు 2,863. ఒక నమూనాలో 9,801. వెయ్యి దాటితేనే స్నానానికి పనికిరాని నీళ్ల కింద లెక్క. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి పోటీకి ముందు ఈ లెక్కలు బయటికొచ్చి దేశమంతా మాట్లాడుకుంది. గెలిచిన జట్టు కాక్స్‌ని నీళ్లలోకి విసరడం అక్కడ ఆనవాయితీ, ఆ ఏడు వద్దని ముందే హెచ్చరించారు. లండన్ మురుగును మళ్లించే 25 కిలోమీటర్ల సొరంగం 2025లో పూర్తిగా పనిలోకి వచ్చింది. నీళ్లు బాగుపడతాయా లేదా అన్నది రేవు నుంచి మేం చూస్తూనే ఉంటాం. మీ కాలువల్లో గుర్రపుడెక్క, ప్లాస్టిక్కు, చేపల చెరువుల నీళ్లు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో రోజూ తెడ్డేసే పిల్లలు ఉంటే ఊరికి వేరే ఇన్‌స్పెక్టరు అక్కర్లేదు.

మన దేశంలోకి వస్తే, ఇదే కథ ఇక్కడా నడిచింది. కలకత్తా రోయింగ్ క్లబ్ 1858లో, అడయార్ నది మీది మద్రాస్ బోట్ క్లబ్ 1867లో, పూనాలో రాయల్ కన్నాట్ బోట్ క్లబ్ 1868లో పుట్టాయి. మద్రాసు, కొలంబో క్లబ్బుల మధ్య పోటీ 1898 నుంచి ఉంది. ఇవి తెల్లవాళ్ల కోసం తెల్లవాళ్లు పెట్టుకున్నవి. బయట నిలబడ్డవాళ్లు ఏం చేశారు? కలకత్తాలో మార్వాడీలు తమ పేరుతోనే రోయింగ్ క్లబ్ పెట్టుకున్నారు, ఇప్పుడది బెంగాల్ రోయింగ్ క్లబ్. 1930ల మొదట్లో బెంగాలీలు అక్కడి రవీంద్ర సరోవర్ సరస్సు మీద లేక్ క్లబ్ స్థాపించారు. పూనా ఇంజనీరింగ్ కాలేజీ బోట్ క్లబ్ 1928 నాటిది, దాన్ని నడిపేది విద్యార్థులే, వాళ్ల వార్షిక రెగట్టా, అంటే పడవల వేడుక, చూడ్డానికి పూనా జనం నది ఒడ్డుకి తరలివస్తారు. మీకు నమూనా కావాలంటే మద్రాసు బంగళా కాదు, ఈ పూనా విద్యార్థుల రేవు.

స్వతంత్రం వచ్చాక రోయింగ్‌ని భుజాన వేసుకున్నది సైన్యం. నాసిక్ జిల్లాలో నీటి ఎద్దడితో అల్లాడే పల్లెటూళ్లో పుట్టిన దత్తూ భోకనల్ సైన్యంలో చేరాకే తెడ్డు పట్టాడు. మొదలుపెట్టిన నాలుగేళ్లకే 2016 రియో ఒలింపిక్స్ సింగిల్ స్కల్స్‌లో పదమూడో స్థానం. 2018 ఆసియా క్రీడల్లో నలుగురి పడవలో బంగారు పతకం. నీళ్లే లేని ఊరి కుర్రాడు అంత దూరం పోగలిగితే, ఇంటి గుమ్మం నుంచి కాలువ కనిపించే కోనసీమ పిల్లలు ఎందుకు లేరు అన్నది నన్ను ఎప్పుడూ తొలిచే ప్రశ్న. హైదరాబాద్‌లో 2002 జాతీయ క్రీడలప్పుడు హుస్సేన్ సాగర్ మీద రోయింగ్ జరిగింది, సైనిక జట్లు అక్కడ సాధన చేస్తాయి. గోదావరి డెల్టాలో మాత్రం సివిల్ క్లబ్బులు వేళ్లూనలేదు. సామర్థ్యం లేక కాదు. సైన్యంలో చేరకుండా, కాలేజీ సీటు రాకుండా, మామూలు పిల్లవాడు నడిచి వెళ్లి చేరగలిగే రేవు లేక.

ఇప్పుడు మీరు చేయాల్సిన పనులు.

అన్నిటికంటే ముందు ఈత. నూట యాభై, రెండొందల మీటర్లు బట్టలతో ఈదలేనివాడు పడవ ఎక్కకూడదు, వాడు సర్పంచి కొడుకైనా సరే. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరి ఏం చేసిందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కలకత్తా రవీంద్ర సరోవర్‌లో 2022 మే నెలలో సాధన చేస్తుండగా ఈదురుగాలి లేచి ఇద్దరు బడిపిల్లలు మునిగిపోయారు. ఆ తర్వాతే అక్కడ భద్రతా నియమాలన్నీ తిరగరాశారు. మీరు ముందే రాసుకోండి. పిల్లలు నీళ్ల మీద ఉన్నంతసేపూ పక్కన మోటారు పడవ, అందులో ఈతగాడు, విసరడానికి తాడు. పిల్లలందరికీ, కాక్స్‌కీ లైఫ్ జాకెట్టు. రేసు పడవ ముక్కుకు చిన్న రబ్బరు బంతి ఉండాలి, రెండు పడవలు గుద్దుకుంటే ఆ ముక్కు మనిషి పొట్టలో దిగకుండా కాపాడేది ఆ బంతే. బూట్లు పడవకి బిగించి ఉంటాయి కాబట్టి మడమల దగ్గర పొట్టి తాళ్లు కట్టాలి, పడవ తిరగబడితే కాళ్లు వాటంతట అవే ఊడి రావడానికి. ఉరుము వినపడితే అందరూ ఒడ్డుకి. వాతావరణం బాలేదని కోచ్ అన్నాక వాదన ఉండకూడదు.

కాలం సంగతి మీకే బాగా తెలుసు. వేసవిలో కాలువలు కట్టేస్తారు, జులై నుంచి వరద. ఆ నెలల్లో పెద్ద గోదావరి వైపు పోనే వద్దు. అంచేత వానలు తగ్గాక అక్టోబరు, నవంబరు నుంచి కాలువలు కట్టే వరకూ నీళ్ల మీద, మిగతా నెలలు గట్టు మీద రోయింగ్ మెషీన్లతో. కాన్సెప్ట్ టూ లాంటి మెషీన్ రెండు పాతవి దొరికినా చాలు. ఓ రేకుల షెడ్డులో పెట్టి, ఊరి బడి పిల్లలందరికీ పోటీ పెట్టండి. నీళ్లలోకి దిగకముందే క్లబ్బు మొదలైపోతుంది. కాలువలో లాకుల దగ్గరికి, వంతెన స్తంభాల దగ్గరికి పోకుండా హద్దులు గుర్తుపెట్టండి. జలవనరుల శాఖ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

పడవల విషయంలో తొందరపడకండి. సింగిల్ స్కల్ పద్నాలుగు కిలోలు, వెడల్పు మూరెడు కూడా ఉండదు, కొత్తవాడు కూర్చున్న మరుక్షణం నీళ్లలో ఉంటాడు. మొదట వెడల్పుగా, నిలకడగా ఉండే శిక్షణ పడవలు రెండు చూసుకోండి. ఆ తర్వాత నలుగురు కూర్చునే పాత క్వాడ్ ఒకటి. ఎయిట్ గురించి ఇప్పుడే ఆలోచించకండి. పాత పడవల కోసం సైన్యం, కాలేజీ క్లబ్బుల్ని అడగండి, పడవ పాతబడ్డాక షెడ్డులో వదిలేసినవి చాలాచోట్ల ఉంటాయి. మరమ్మతుకు మీ ఊళ్లో ఫైబర్ పడవలు అతికే మేస్త్రీలు ఉన్నారు, వాళ్లనే పిలవండి.

సంఘాన్ని 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేయించండి. నిబంధనల పత్రంలో మొదటి పేజీలోనే రాయండి, కులం, వృత్తి, ఆడ మగ తేడా లేకుండా సభ్యత్వమని. పిల్లలకు, చదువుకునేవాళ్లకు రుసుము లేదని లేదా నామమాత్రమని. కమిటీలో కనీసం సగం మంది ఆడవాళ్లు ఉండాలని. ఇవి మొదట్లో రాయకపోతే తర్వాత ఎవరూ రాయరు, క్లబ్బు కాస్త పేరు తెచ్చుకోగానే దాతలు, ఫ్లెక్సీలు, వేదిక మీద కుర్చీలు వచ్చేస్తాయి, పిల్లలు వెనక్కి పోతారు. ఖాతాలు ప్రతి మూడు నెలలకీ రేవు గోడ మీద అంటించండి. జాతీయ పోటీలకు పంపే దశకి వచ్చాక రాష్ట్ర సంఘం ద్వారా రోయింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియాకి అనుబంధం అవ్వాలి. అది మొదటి ఏడాది పని కాదు.

చివరిగా, నేర్పేవాళ్లు ఎవరన్న ప్రశ్న వస్తుంది. సైన్యంలో తెడ్డేసి రిటైరై వచ్చినవాళ్లు జిల్లాలో ఎవరైనా ఉన్నారేమో వెతకండి. కానీ నీళ్లు తెలిసినవాళ్లు మీ ఊళ్లోనే ఉన్నారు. సుడి ఎక్కడుందో, ఏ గాలికి కెరటం లేస్తుందో, పోటు ఎప్పుడు ఎక్కుతుందో మీ జాలరి కుటుంబాలకు, రేవు సరంగులకు తెలిసినంత ఏ కోచ్‌కీ తెలియదు. ఇంగ్లండులో అమెచ్యూర్ సంఘం మొట్టమొదట బయటికి నెట్టింది సరిగ్గా ఇలాంటివాళ్లనే. మీ భద్రతా పడవని నడిపే పని వాళ్లకు జీతమిచ్చి అప్పజెప్పండి, కమిటీలో కుర్చీ ఇవ్వండి. పిల్లల పేర్లు రాసుకోవడానికి వెళ్లేటప్పుడు కాన్వెంటు బడితో కాదు, వలలు ఆరేసుకునే పేటతో మొదలుపెట్టండి. ఈత పరీక్ష గట్టెక్కేవాళ్లు ముందు అక్కడే దొరుకుతారు.